ఒకటిన్నర గిన్నె

కారా-బల్తాలో రోడ్డు కొండెక్కడం మొదలుపెట్టే చోట
మా షెడ్డు.
పైకి పోయేవాళ్ళు గాలి కొట్టించుకుంటారు,
కిందికి దిగినవాళ్ళు బ్రేకులు చూపించుకుంటారు.
బుర్మాకాన్ మాత్రం సగం ఎక్కి
వెనక్కి దొర్లుకుంటూ వచ్చింది.
కారులో ముగ్గురు ప్రయాణికులు, చుట్టిన కంబళి,
కారు వెనక నీలంగా పొగ.

"టర్బో పోయింది" అంది దిగుతూనే.
మేమింకా బానెట్ ఎత్తనేలేదు.
"బిష్కెక్ బజారులో చెప్పారు. కొత్తదానికి డబ్బు తెచ్చాను."
కోటు లోపలి జేబు మీంచి చెయ్యి తియ్యలేదు.

మేస్త్రీ తొలొగొన్ తొందరపడే మనిషి కాదు.
నట్టు విప్పేముందు దాన్ని కుశలమడుగుతాడని
వీధిలో నవ్వుకుంటారు.
గొట్టం ఊడదీసి, టర్బో ఇరుసును రెండు వేళ్ళతో పట్టి
అటూ ఇటూ ఊపాడు. వెంట్రుకవాసి.
ముందుకీ వెనక్కీ లాగాడు. కదల్లేదు.
"బతికే ఉంది" అన్నాడు.

ఇంటర్‌కూలర్ దించి నా చేతికిచ్చాడు.
వంచితే
లోపల్నించి ఏదో బద్ధకంగా కదిలింది.
దగ్గర్లో ఇంకేం దొరక్క
మా టీ గిన్నె పెట్టాను. నిండింది.
రెండోది పెట్టాను. సగానికొచ్చి ఆగింది.
నల్లగా,
లైటు పడితే అంచున కొంచెం ఎర్రగా.

"ఇంజన్ కూడా నిట్టూరుస్తుందమ్మా.
ఆ నిట్టూర్పు బయటికి పోనివ్వరు.
సన్నగొట్టంతో మళ్ళీ దాని ముక్కులోకే తోస్తారు.
మధ్యలో అరచేతిలో పట్టేంత జల్లెడ,
ఆవిరిని పోనిచ్చి నూనెను పట్టుకోవాలి.
నీది మూసుకుపోయింది. ఎప్పుడు మార్చావు?"

అలాంటిదొకటి ఉందనే ఆవిడకి తెలీదు.
కిందటేడు దాకా నాకూ తెలీదు,
తెలిసినట్టే తలూపాను.

మానిఫోల్డ్ నా వంతు.
నూనెకి మసి తోడై
గాలి దారిని వేలు దూరనంతగా ఇరుకు చేసింది.
గీకాను, నానబెట్టాను, తిట్టాను, మళ్ళీ గీకాను.
మొహమాటం తెలీని చుట్టంలా
ఆ జిడ్డు నా గోళ్ళలోకి మకాం మార్చింది.

ఇంటర్‌కూలర్‌ని కిరోసిన్‌తో కడిగి
రాత్రంతా పొయ్యి పక్కన బోర్లించాం.
తడి ఆరకుండా బిగిస్తే
డీజిల్ ఇంజన్ ఆ తడినే తాగి పేట్రేగిపోతుంది,
తాళం తీసినా ఆగదు.

ప్రయాణికులు వేరే బండెక్కి పోయారు.
గిన్నెలు రెండూ పాడయ్యాయి కనక
ముగ్గురం జాడీ మూతల్లో టీ తాగాం.
అప్పుడు చెప్పింది,
జేబులో డబ్బు ఎక్కడిదో.
చబ్దార్. అగ్గిరంగు ఒళ్ళు, వెన్నరంగు జూలు.
ఈలకి కాదు, బకెట్టు చప్పుడికి వచ్చేది.
మొన్న శుక్రవారం తలాస్‌వాడెవడో తోలుకుపోయాడు.

పొద్దున మేస్త్రీ లెక్క చెప్పాడు:
జల్లెడ, నాలుగు వాషర్లు, కిరోసిన్, కూలి.
ఒక కళ్ళెం కూడా రాదు ఆ డబ్బుకి.
ఆవిడ నోట్లు లెక్కబెట్టి ఇచ్చింది.
మిగిలిన కట్ట కేసి
చాలాసేపు చూసింది.
ఎవరి మీదైనా అరుస్తుందేమో అనుకున్నాను.
కారు కాగితాలు తీసి వేలు పెట్టి చూపించింది:
"నూట నలభై మూడు గుర్రాలని రాశారు.
ఒక్కదానికీ పేరు లేదు."

మేస్త్రీ గుడ్డతో చేతులు తుడుచుకుంటూనే ఉన్నాడు.
"గొట్టంలో చెంచాడు కనిపిస్తే కంగారుపడకు.
పూర్తిగా పొడిగా ఉండే ఇంజన్ లేదు.
గిన్నె నిండితే రా."

"సొరంగం దాటాక తలాస్‌కి కుడివైపేగా?"
"కుడివైపే."

పొగ లేదు.
మొదటి మలుపు, రెండో మలుపు
టర్బో ఈల సన్నగా వినిపిస్తూనే ఉంది.
సుసామిర్‌లో ఎటు తిరిగిందో
మాకెవరూ చెప్పలేదు.

ఆ గిన్నెల్ని సోడాపొడితో మూడుసార్లు తోమాను.
ఇప్పటికీ టీ పోస్తే
పైన చిన్న ఇంద్రధనుస్సు తేలుతుంది.
మేస్త్రీ ఊది, తాగేస్తాడు.